నాలుక కింద చుక్కలు, లేబుల్ మీద అంకెలు: ఆందోళనకు సీబీడీ

సంక్రాంతికి డల్లాస్ నుంచి వచ్చిన మా పిన్ని కొడుకు, రెండో రోజు పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా అద్దం ముందు నిలబడి, నాలుక పైకెత్తి డ్రాపర్‌తో ఏవో చుక్కలు వేసుకుంటున్నాడు. ఏమిటవి అని అడిగితే నోరు తెరవకుండా చేత్తోనే ఆగమన్నాడు. ఒక నిమిషం పోయాక మింగి, "సీబీడీ అన్నయ్యా, టెన్షన్‌కి" అన్నాడు. సీసా తీసి చూశాను. ఏడు వేళ్లు చాపినట్టున్న ఆకు బొమ్మ.

"ఇది గంజాయి కదరా!"

"గంజాయి మొక్కలోదే. కానీ మత్తెక్కదు. అక్కడ పెట్రోలు బంకుల్లో కూడా అమ్ముతారు."

ఆఫీసు మీటింగుల్లో నోరు విప్పాలంటే వాడికి అరచేతులు చెమటలు పడతాయి. ముందు రోజు రాత్రి నిద్ర పట్టదు. ఈ చుక్కలు మొదలెట్టి నాలుగు నెలలైందట. తగ్గిందా అని అడిగితే కాసేపు ఆలోచించి, "తగ్గినట్టే ఉంది" అన్నాడు.

తగ్గడానికీ తగ్గినట్టు ఉండటానికీ మధ్య ఎంత దూరం ఉందో కొలవడానికే ప్రయోగశాలల్లో ఇన్నేళ్లుగా తంటాలు పడుతున్నారు. వాడు వెళ్లేలోగా నేను చదివినంతలో తేలిందేమిటంటే, సీబీడీకి ఆందోళనను తగ్గించే గుణం ఉన్నట్టు చూపిన పరిశోధనలు ఉన్నాయి. కానీ వాటిలో వాడిన సీబీడీ వేరు, మావాడి సీసాలోది వేరు.

మొక్క సంగతి ముందు చూద్దాం. గంజాయి మొక్కలో వందకు పైగా ప్రత్యేక రసాయనాలుంటాయి. వాటిలో పేరు మోసినవి రెండు. ఒకటి టీహెచ్‌సీ, మత్తు దీనిదే. పాడేరు ఏజెన్సీలో పట్టుబడిందని మనం పేపర్లో చదివే సరుకుకి ఆ గిరాకీ ఉన్నదీ దీని వల్లే. రెండోది కానబిడయాల్, పొట్టిగా సీబీడీ. దీన్ని 1940లోనే అమెరికాలో రోజర్ ఆడమ్స్ వేరు చేశాడు. దాని అణువు నిర్మాణాన్ని 1963లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలమ్ బృందం తేల్చింది. మరుసటి ఏడాది ఆయన బృందమే టీహెచ్‌సీని కూడా విడదీసింది.

రెండూ ఒక మొక్కలో పుట్టినా మెదడులో చేసే పనులు వేరు. టీహెచ్‌సీ నేరుగా, మెదడు కణాల మీద తలుపులా ఉండే సీబీ1 అనే గ్రాహకానికి (రిసెప్టర్) అతుక్కుంటుంది. ఆ గ్రాహకం మనలో ఎందుకుందో వెతుకుతూ పోతే, మన శరీరమే తయారు చేసుకునే ఒక పదార్థం 1992లో బయటపడింది. దానికి ఆ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆనందమైడ్. అవును, మన 'ఆనందం' నుంచే. సీబీడీ సీబీ1కి గట్టిగా అతుక్కోదు, అందుకే మత్తెక్కదు. అది వేరే తలుపులు తడుతుంది. వాటిలో ఒకటి సెరటోనిన్ అనే మెదడు రసాయనానికి సంబంధించిన 5హెచ్‌టీ1ఏ గ్రాహకం. ఆందోళనకు డాక్టర్లు రాసే బస్పిరోన్ మాత్ర పనిచేసేదీ అక్కడే. మరొకటి మిరపకాయ ఘాటును మెదడుకు చేరవేసే గ్రాహకం. గుంటూరు మిర్చి తట్టే తలుపునే సీబీడీ కూడా తడుతుందన్నమాట. ఇవి కాక ఆనందమైడ్ త్వరగా విచ్ఛిన్నం కాకుండా చూస్తుందనే వాదన కూడా ఉంది. వీటిలో ఆందోళనను నిజంగా తగ్గించేది ఏదో తేలలేదు. చాలావరకు ఎలుకల దగ్గర తెలిసిన సంగతులే.

మనుషుల దగ్గరికి వద్దాం. కథ బ్రెజిల్‌లో మొదలవుతుంది. సావో పావ్లో విశ్వవిద్యాలయంలో ఆంటోనియో జువార్డి అనే మానసిక వైద్య పరిశోధకుడు 1982లో ఒక చిన్న ప్రయోగం చేశాడు. టీహెచ్‌సీ ఎక్కువైతే గుండె దడ, భయం పుట్టుకొస్తాయి. అదే టీహెచ్‌సీకి సీబీడీ కలిపి ఇస్తే ఆ భయం తగ్గింది. సీబీడీకి, ఆందోళనకు ముడి పడింది అక్కడే.

తర్వాత అదే దేశంలో జరిగిన ఒక పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ రంగంలో ఎవరు మాట్లాడినా చివరికి దాన్నే ఉదహరిస్తారు. 2011లో అచ్చయింది. నలుగురిలో మాట్లాడాలంటే వణికిపోయే సోషల్ యాంగ్జైటీ ఉన్నవాళ్లు 24 మంది. అప్పటిదాకా ఎవరూ ఏ చికిత్సా తీసుకోలేదు. 12 మందికి 600 మిల్లీగ్రాముల సీబీడీ, మిగతా 12 మందికి ఏ మందూ లేని ఉత్తుత్తి గుళిక ఇచ్చారు. ఏది ఎవరికి వెళ్లిందో ఇచ్చేవాళ్లకూ తెలియదు, మింగేవాళ్లకూ తెలియదు. గంటన్నర ఆగి అప్పుడు చెప్పారు: "మీ ఊరి బస్సులు, రవాణా వ్యవస్థ గురించి నాలుగు నిమిషాలు మాట్లాడాలి. ఆలోచించుకోడానికి రెండు నిమిషాలు. మీరు మాట్లాడేది కెమెరాలో రికార్డవుతుంది, తర్వాత సైకాలజిస్టు చూస్తారు." మాట్లాడుతున్నంతసేపూ ఎదురుగా టీవీలో తమ మొహమే తమకు కనిపిస్తుంటుంది. సగంలో ఆపి, ఇప్పుడెలా ఉందో కాగితం మీద మార్కులు వేయమంటారు.

ఇది చదువుతుంటే నాకే చెమటలు పట్టాయి. ఉత్తుత్తి గుళిక మింగినవాళ్ల ఆందోళన మాట్లాడేటప్పుడు బాగా పెరిగింది. సీబీడీ మింగినవాళ్లలో పెరుగుదల గణనీయంగా తక్కువ. దాదాపు ఏ జబ్బూ లేనివాళ్ల స్థాయిలోనే ఉంది. 'నేను తెలివితక్కువవాడిలా కనిపిస్తున్నాను' లాంటి ఆలోచనలు కూడా తగ్గాయి.

ఫలితం బాగుంది. అయితే ఇక్కడే రెండు విషయాలు పట్టుకోవాలి. ఒకటి, అది ఒక్క రోజు, ఒక్క మోతాదు, ఒక్క ఉపన్యాసం. నెలల తరబడి తాగితే ఏమవుతుందో అది చెప్పదు. రెండు, 600 మిల్లీగ్రాములు.

ఆ రెండో అంకె దగ్గర కాసేపు ఆగుదాం. మోతాదు తేల్చడానికి అదే బ్రెజిల్ బృందం ఆరోగ్యవంతుల మీద మరికొన్ని పరీక్షలు చేసింది. 2017లో 100, 300, 900 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే 300కి మాత్రమే ఫలితం కనిపించింది. 100 చాలలేదు, 900 పనిచేయలేదు. 2019లో 150, 300, 600 ఇచ్చి చూసినప్పుడూ నెగ్గింది 300. కూరలో ఉప్పులాంటి వ్యవహారం: తగ్గితే చప్పన, పెరిగితే కషాయం. మందుల్లో ఇలాంటి నడక తరచుగా కనిపించదు. 'కొంచెం వేసుకుని చూద్దాం, చాలకపోతే పెంచుదాం' అనే మన ఇంటి పద్ధతికి ఇది లొంగదు.

ఇప్పుడు మావాడి సీసా. 30 మిల్లీలీటర్లు. లేబుల్ మీద పెద్దక్షరాల్లో 1000 మిల్లీగ్రాములని ఉంది. చూడగానే అబ్బో అనిపిస్తుంది. కానీ అది సీసా మొత్తంలో ఉన్నది. మిల్లీలీటరుకు 33 మిల్లీగ్రాములు. వాడు వేసుకునేది సగం డ్రాపర్, అంటే పదహారో పదిహేడో. పరిశోధనలో నెగ్గిన 300 మిల్లీగ్రాములు కావాలంటే 9 మిల్లీలీటర్లు తాగాలి. మూడు రోజులకు సీసా ఖాళీ. అటు నుంచి లెక్కేస్తే, వాడు పద్దెనిమిది రోజులు నాలుక కింద వేసుకున్నదంతా కలిపితే ప్రయోగశాలలో ఒక్క పూట ఇచ్చినంత.

ఈ లెక్క చెప్తే వాడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. "మరి నాకు తగ్గిందేంటి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

దానికి కెనడాలో 2021లో వచ్చిన ఒక అధ్యయనం జవాబు చెప్తుంది. ఆరోగ్యవంతులైన 43 మందికి రెండు సార్లు నూనె చుక్కలు ఇచ్చారు. ఒకసారి ఇందులో సీబీడీ ఉందన్నారు, ఇంకోసారి లేదన్నారు. నిజానికి రెండుసార్లూ ఇచ్చింది సీబీడీ లేని నూనే. ఆ తర్వాత టెన్షన్ పెట్టే పరీక్ష. సీబీడీ ఉందని చెప్పిన రోజు ఒళ్లు మత్తుగా, నెమ్మదిగా ఉన్నట్టు అనిపించిందన్నారు. సీబీడీ ఆందోళనను తగ్గిస్తుందని ముందే గట్టిగా నమ్మినవాళ్లలో ఆందోళన కూడా తగ్గింది. చుక్క మందు లేకుండానే.

దీన్ని భ్రమ అని కొట్టిపారేయను. ఆందోళన అనేదే రాబోయేదాన్ని ఊహించుకోవడం కాబట్టి, 'ఈరోజు ఏమీ కాదులే' అన్న నమ్మకం నిజంగానే దడ తగ్గించగలదు. కాకపోతే ఆ నమ్మకానికి సీసా సీసాకీ డాలర్లు పెట్టాలా అన్నది వేరే ప్రశ్న.

ఇక రోగుల మీద, రోజుల తరబడి చేసిన పరీక్షలు. ఇవి తక్కువ, పైగా ఒకదానికొకటి పొసగవు. అమెరికాలో కొలరాడోలోని ఒక క్లినిక్‌లో 72 మందికి మామూలు చికిత్సతో పాటు సీబీడీ ఇస్తే, మొదటి నెలలోనే 79 శాతం మందిలో ఆందోళన మార్కులు తగ్గాయని 2019లో రాశారు. సీబీడీ అమ్మే చోట్ల ఎక్కువగా వినిపించే అంకె ఇదే. అందులో పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు తీసుకున్న గుంపు లేదన్న సంగతి మాత్రం అక్కడ వినిపించదు. జపాన్‌లో అదే ఏడాది 37 మంది టీనేజి వాళ్ల మీద నాలుగు వారాల పాటు రోజుకు 300 మిల్లీగ్రాములు పరీక్షిస్తే, ఉత్తుత్తి మందుతో పోల్చినా మేలు కనిపించింది. నెదర్లాండ్స్‌లో 2022లో 80 మంది సోషల్ యాంగ్జైటీ, పానిక్ రోగులకు భయాన్ని ఎదుర్కొనే థెరపీ ఇస్తూ, ప్రతి సెషన్‌కు ముందు అదే 300 ఇచ్చారు. ఉత్తుత్తి గుళిక మింగినవాళ్లకూ వీళ్లకూ తేడా ఏమీ రాలేదు.

మన హైదరాబాద్ పరిశోధకులు కూడా ఒకటి చేశారు. 2024లో అచ్చయింది. తక్కువ నుంచి ఒక మోస్తరు ఆందోళన ఉన్న 178 మందిని రెండు గుంపులు చేసి, 15 వారాల పరీక్షలో సీబీడీ ద్రావణాన్నో ఉత్తుత్తి ద్రావణాన్నో ఇచ్చారు. సీబీడీ తీసుకున్నవాళ్లలో ఆందోళన బాగా తగ్గిందని తేల్చారు. ఈ రంగంలో ఇది పెద్ద పరీక్షే, మనవాళ్ల మీద చేసింది కూడా. ఒకటికి మించిన కేంద్రాల్లో జరిగింది. అయితే నూనెలా కాక నీటిలో కలిసేలా ప్రత్యేకంగా తయారు చేసిన ద్రావణం వాడారు. ఇంకొకళ్లు కూడా చేసి ఇదే ఫలితం తెస్తే అప్పుడు నేను కూడా ధైర్యంగా మాట్లాడతాను. అదే ఏడాది కొందరు పరిశోధకులు పాత అధ్యయనాలను జల్లెడ పట్టి, నాణ్యత చూసి ఎనిమిదింటిని ఏరి కలిపి లెక్కగట్టారు. ఫలితం సీబీడీ వైపే మొగ్గింది. కానీ ఆ ఎనిమిదింటిలో పాల్గొన్నవాళ్లు మొత్తం 316 మంది. మా వీధి చివర ఫంక్షన్ హాల్లో ఒక పెళ్లికి అంతకంటే ఎక్కువమంది వస్తారు.

సరే, 300 పనిచేసేట్టుంది కదా, అంతే వేసుకుంటే పోలా? ఇక్కడ లివర్ అడ్డం వస్తుంది. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ సంస్థ శాస్త్రజ్ఞులు 201 మంది ఆరోగ్యవంతుల మీద నాలుగు వారాల పరీక్ష చేసి 2025లో ఫలితాలు ప్రకటించారు. మోతాదు రోజుకు కిలో శరీర బరువుకు 5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి లెక్కేయండి: సరిగ్గా 300. సీబీడీ తీసుకున్నవాళ్లలో 5.6 శాతం మందికి లివర్ ఎంజైములు మామూలు గరిష్ఠ స్థాయికి మూడు రెట్లు దాటాయి. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో ఒక్కరికీ దాటలేదు. మానేశాక మళ్లీ మామూలైపోయాయి. పెద్దగా లక్షణాలేవీ లేకుండానే ఇదంతా జరిగింది, రక్తపరీక్ష చేస్తున్నారు కాబట్టి బయటపడింది. అద్దం ముందు నిలబడి చుక్కలేసుకునేవాడికి రక్తపరీక్ష ఎవరు చేస్తారు?

అంటే పరిస్థితి ఇదీ: ఆధారాలున్న మోతాదుకు డాక్టరు కాపలా కావాలి, కాపలా అక్కర్లేనంత చిన్న మోతాదుకు ఆధారాలు లేవు. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ రోజుకు 70 మిల్లీగ్రాములు దాటొద్దని చెప్తూ వచ్చి, 2023 అక్టోబరులో దాన్ని 10కి దించింది. 10 ఎక్కడ, 300 ఎక్కడ!

వేరే మందులు వాడేవాళ్లయితే ఇంకా జాగ్రత్త. మన మందుల్ని లివర్లో అరగదీసే ఎంజైముల్లో కొన్నిటికి సీబీడీ అడ్డం పడుతుంది. దాంతో ఆ మందులు రక్తంలో పేరుకుంటాయి. ఆందోళనకే చాలామంది వాడే ఎస్‌సిటాలోప్రామ్, ఫిట్స్‌కు వాడే క్లోబజామ్, రక్తం పల్చబడటానికి ఇచ్చే వార్ఫరిన్, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వాడే టాక్రోలిమస్, అన్నీ ఈ జాబితాలో ఉన్నాయి. ఇంకో చిక్కు తిండితో. కొవ్వున్న భోజనం మీద తీసుకుంటే ఒంటికి పట్టే సీబీడీ నాలుగైదు రెట్లు పెరుగుతుంది. అవే చుక్కలు, పరగడుపున ఒక మోతాదు, నెయ్యి బాగా దట్టించిన పప్పన్నం తిన్నాక ఇంకో మోతాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోవద్దని ఎఫ్‌డీఏ స్పష్టంగా చెప్పింది.

ఇంతా చేసి సీసాలో రాసినంత ఉంటుందా అన్నది ఇంకో అనుమానం. 2017లో అమెరికాలో ఆన్‌లైన్‌లో కొన్న 84 సరుకుల్ని ల్యాబులో పరీక్షిస్తే, లేబుల్ మీద ఉన్న అంకెకు సరిపోయినవి 31 శాతమే. 43 శాతం వాటిలో రాసినదానికంటే ఎక్కువ, మిగతావాటిలో తక్కువ. 18 సరుకుల్లో టీహెచ్‌సీ కూడా తేలింది. భయం తగ్గుతుందని కొనుక్కున్న సీసాలో భయం పుట్టించగల మందు! అమెరికా రవాణా శాఖ 2020లోనే తన పరిధిలోని డ్రైవర్లకు, పైలట్లకు చెప్పేసింది: మూత్రపరీక్షలో టీహెచ్‌సీ వస్తే 'నేను సీబీడీయే వాడాను' అన్న సాకు చెల్లదని.

సీబీడీ అసలు మందే కాదా అంటే, మందే. అరుదైన, మొండి మూర్ఛలున్న పిల్లలకు ఎపిడయోలెక్స్ పేరుతో 2018లో ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. అక్కడ ట్రయల్స్ గట్టిగా జరిగాయి, ఫలితాలు తిరుగులేనివి. ఆ మందుకి వచ్చిన పరువునే ఆందోళన సీసాలు అరువు తెచ్చుకుంటున్నాయని నా అభిప్రాయం. అదే 2018 చివర్లో అమెరికా వ్యవసాయ చట్టం, టీహెచ్‌సీ 0.3 శాతం మించని గంజాయి మొక్కను, అంటే హెంప్‌ను, నిషేధం నుంచి తప్పించింది. అంతే, చాక్లెట్ల దగ్గర్నుంచి కుక్కల బిస్కెట్ల దాకా అన్నిట్లో సీబీడీ వచ్చేసింది. అది సైన్సు ఇచ్చిన అనుమతి కాదు, పంటకిచ్చిన అనుమతి.

మన దేశంలో కథ వేరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) గంజాయి అని పిలిచేది మొక్క పూత కొసల్ని. కొసలు కలవని ఆకు, విత్తనం ఆ నిర్వచనంలోకి రావు. భంగు బతికి ఉన్నది ఆ సందులోనే. ఆయుర్వేదంలో ఈ మొక్క పేరు విజయ. ఆకుతో చేసిన విజయ మందులు ఆయుష్ లైసెన్సుతో అమ్ముతున్నారు, వాటికి వైద్యుడి చీటీ కావాలి. సీసా మీద 'విజయ సారం ఇన్ని మిల్లీగ్రాములు' అని ఉంటే అది ఆకు సారం బరువు. సీబీడీ బరువు అనుకోకండి. అందులో టీహెచ్‌సీ కూడా ఉండొచ్చు. ఇక సూపర్ మార్కెట్లో దొరికే హెంప్ గింజల నూనెలో సీబీడీ ఉన్నా లేనట్టే. అది వంటనూనె లాంటిది. ఆకు బొమ్మ మాత్రం అన్నిటి మీదా ఒకటే.

అమెరికాలో హెంప్ పూత నుంచి తీసిన నూనెను సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడ దిగితే, 'అక్కడ పెట్రోలు బంకులో అమ్ముతారు' అన్న మాట కస్టమ్స్ వాళ్లను ఒప్పించదు. దుబాయ్ మీదుగా వచ్చేవాళ్లకైతే అక్కడే ప్రమాదం. ఆ దేశంలో సీబీడీ నూనె దగ్గరుంటే మాదకద్రవ్యాల కేసే. మావాడు వచ్చింది దుబాయ్ మీదుగానే. ఆ సంగతి నేను చెప్పేదాకా వాడికి తెలియదు. విన్నాక వాడికి పట్టిన చెమటలు ఏ మీటింగులోనూ పట్టి ఉండవు.

ఆ రాత్రి డాబా మీద కూర్చుని అడిగాడు, మరి పనిచేసేదేది అని. అక్షరం ఒక్కటి మార్చు అన్నాను. సీబీడీ కాదు, సీబీటీ. ఆలోచనల్నీ అలవాట్లనీ పట్టుకుని మార్చే మాటల చికిత్స అది. భయపడే పనిని చిన్న చిన్న ముక్కలుగా, పదే పదే చేయిస్తారు. ముందు ఇద్దరి ఎదుట, తర్వాత ఐదుగురి ఎదుట. సోషల్ యాంగ్జైటీకి దానికున్నంత ఆధారాలు చాలా తక్కువ చికిత్సలకున్నాయి. అవసరమైతే ఎస్‌సిటాలోప్రామ్ జాతి మాత్రలున్నాయి. కొన్ని వారాలు ఓపిక పట్టాలి, మొదట్లో కడుపులో తిప్పుతుంది, కానీ వేలమంది మీద పరీక్షకు నిలబడినవి. ఇక్కడున్నవాళ్లకు 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. వాడికి వాళ్ల ఇన్సూరెన్సులో థెరపిస్టు వస్తుందో లేదో చూడమన్నాను. ఫోన్ తీసి అక్కడికక్కడే చూశాడు. వస్తుందట. నాలుగేళ్లుగా ప్రీమియం కడుతున్నాడు, ఒక్కసారీ వెతకలేదు.

బయల్దేరే ముందు రోజు సీసా చేతిలో పట్టుకుని వంటింట్లో తచ్చాడాడు. తిరుగు ప్రయాణం కూడా దుబాయ్ మీదుగానే. మా ఇంట్లో పెట్టుకోనని నేను ముందే చెప్పేశాను. సింకులో పోశాడు. పచ్చిగడ్డి వాసన వేసింది. సగానికి కొంచెం తక్కువే మిగిలింది, మేం చేసిన లెక్క ప్రకారం రెండు రోజులకు కూడా చాలదు. పిన్ని వచ్చి, "ఏంట్రా అది, అంత ఖరీదు పెట్టి కొన్నానన్నావు?" అంది. "నూనేనమ్మా" అని కుళాయి తిప్పాడు.